చీకటి కథలంటే వెనకాడేవారికి ఒక మంచి సిరీస్ పరిచయం చేయడం ఎలా?

"చాలా బాగుంటుంది, చూడు" అన్న ఒక్క మాటతో ఎన్ని మంచి సిరీస్‌లు ఎంతమందికి శాశ్వతంగా దూరమయ్యాయో కళ్ళారా చూశాను. హత్య, నేరం, జబ్బు, పుత్రశోకం చుట్టూ తిరిగే కథను వాటికి అలవాటు పడినవారికి చెప్పడం తేలిక. "అలాంటివి నేను తట్టుకోలేనేమో" అని వెనకాడే మనిషికి చెప్పాలంటే మాత్రం ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతి తెలియక అవతలివారిని బతిమాలేవారు, బలవంతపెట్టేవారు, చివరికి "నీకు మంచి కథలు పట్టవు" అని చిన్నబుచ్చేవారు నా చుట్టూ చాలామంది ఉన్నారు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

కావలసినవి తక్కువే. మీరు చివరిదాకా చూసిన సిరీస్ ఒకటి, ఎపిసోడ్ నంబర్లు రాసుకోవడానికి ఒక కాగితం, తొందర లేని అరగంట. సగం చూసిన సిరీస్‌ను ఎవరికీ చెప్పకండి. రెండో సగంలో ఏముందో మీకే తెలియనప్పుడు అవతలివారికి ఏమని మాట ఇస్తారు?

ఇక ఎంపిక. మొదటిసారి చెప్పేది 8 ఎపిసోడ్లు దాటకూడదు. కథ ముగిసిపోయినదై ఉండాలి. 'బ్రేకింగ్ బ్యాడ్' 62 ఎపిసోడ్లు, సుమారు యాభై గంటలు. వెనకాడే మనిషి ముందు అంత కొండ పెట్టకూడదు. 2019లో వచ్చిన 'చెర్నోబిల్' 5 ఎపిసోడ్లు. 2025లో వచ్చిన 'అడాలసెన్స్' 4 ఎపిసోడ్లు, మొత్తం కలిపినా నాలుగు గంటల లోపే. 'బ్రాడ్‌చర్చ్' మొదటి సీజన్ 8 ఎపిసోడ్లు, హంతకుడెవరో ఆ సీజన్‌లోనే తేలిపోతుంది.

ఇక్కడ 'ద వైర్' అభిమానులు నాతో గొడవకు వస్తారు. ఆ సిరీస్ నాకు ప్రాణం. 2002 నుంచి 2008 దాకా వచ్చిన 60 ఎపిసోడ్లలో బాల్టిమోర్ నగరాన్ని పొరలు పొరలుగా విప్పుతుంది: ఒక సీజన్‌లో ఓడరేవు, ఒక సీజన్‌లో బడి, చివరి సీజన్‌లో వార్తాపత్రిక. కానీ దాన్ని చెప్పేటప్పుడు ప్రతివారూ "మొదటి నాలుగు ఎపిసోడ్లు ఓపిక పట్టు" అంటారు. ఓపిక పట్టమని చెప్పవలసి వచ్చే సిరీస్ ఎంత గొప్పదైనా సరే, వెనకాడే మనిషికి మొదటిది కాకూడదు. మూడోదో నాలుగోదో కావచ్చు.

ఎంపిక అయింది కాబట్టి ఇప్పుడు అడగాలి. "నీకు దేనికి భయం?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పరు. పైగా కొన్ని భయాల వెనుక ఇంట్లో జరిగిన సంగతులు ఉంటాయి, వాటిని తవ్వే హక్కు మనకు లేదు. "ఇంతకుముందు ఏదైనా సిరీస్ మధ్యలో ఆపేశావా? సరిగ్గా ఎక్కడ ఆపావు?" అని అడగండి. ఆపిన చోటు అబద్ధం చెప్పదు. నెత్తురు చూసి ఆపినవారు ఉంటారు. పాప ఏడుపు విని ఆపినవారు ఉంటారు. ఆసుపత్రి గది కనిపించగానే ఆపినవారు ఉంటారు. వీరందరికీ కలిపి "చీకటి సిరీస్" అని ఒకే పేరు పెట్టడం వల్లే సగం పొరపాట్లు జరుగుతున్నాయి.

దాని వెంటనే ఇంకొక్క ప్రశ్న: చూస్తున్నప్పుడు భయమా, చూశాక దిగులా? ఈ ఇద్దరూ వేరువేరు మనుషులు. మొదటివారికి 'అడాలసెన్స్' చెప్పవచ్చు. పదమూడేళ్ళ కుర్రవాణ్ణి హత్యానేరం మీద పోలీసులు పట్టుకుపోతారు, ఒక్కొక్క ఎపిసోడ్‌ను కోత లేకుండా ఒకే షాట్‌లో తీశారు, నెత్తురు దాదాపు కనిపించదు. కానీ చూశాక దిగులుపడేవారికి అదే సిరీస్ వారం రోజులు గొంతులో అడ్డం పడుతుంది. రెండో రకం వారికి నేరం తేలి, జవాబు దొరికే దర్యాప్తు కథే సరైనది.

ఇప్పుడు అసలు మెట్టు. ముందున్నవన్నీ ఎవరైనా చేయగలరు. ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

సిరీస్‌లో ఉన్న బరువైన దృశ్యాల గురించి ముందే హెచ్చరించాలి, కథ మాత్రం పాడు కాకూడదు. ఈ రెండింటి మధ్య దారి సన్నగా ఉంటుంది. ఒకవైపు జారితే "అంత ఘోరంగా ఏమీ ఉండదు, చూడు" అంటాం. ఇంకోవైపు జారితే "భయపడకు, ఆ పిల్లవాడు చివర్లో బతుకుతాడు" అంటాం. మొదటిది అబద్ధం. రెండోది ధైర్యం చెబుతున్నామనుకుంటూ కథ గొంతు నులమడం. ఈ రెండోదాన్ని చాలామంది మంచితనం అనుకుంటారు. ఒక్క ఓదార్పు మాటతో ఎనిమిది గంటల ఉత్కంఠ ఆవిరైపోతుందని వారికి తోచదు.

నేను జారిన సంగతి చెబుతాను. మా అక్కకు 'చెర్నోబిల్' చూడమని చెప్పాను. 1986 ఏప్రిల్ 26న పేలిన అణు విద్యుత్ కేంద్రం కథ అనీ, చరిత్ర అనీ, నటన అద్భుతం అనీ చెప్పాను. మొదటి నిమిషాల్లోనే ఒక శాస్త్రవేత్త ఆత్మహత్య చేసుకుంటాడని చెప్పాను. మూడో ఎపిసోడ్‌లో రేడియేషన్ తగిలిన అగ్నిమాపక సిబ్బంది శరీరాలు ఎలా మారతాయో చూపిస్తారనీ చెప్పాను. అన్నీ చెప్పాననే అనుకున్నాను. నాలుగో ఎపిసోడ్ సంగతి మాత్రం నాకు గుర్తే లేదు. ఖాళీ చేయించిన ఊళ్ళలో మిగిలిపోయిన పెంపుడు జంతువులను కాల్చి చంపే పని ఒక కుర్రవాడి మీద పడుతుంది. అక్క పన్నెండేళ్ళు పెంచిన కుక్క చనిపోయి అప్పటికి రెండు నెలలు. మనిషి చర్మం ఊడిపోతున్న దృశ్యాలను కళ్ళార్పకుండా చూసిన మనిషి, ఒక కుక్క తోక ఊపుకుంటూ తుపాకి దగ్గరికి రావడం చూసి కంప్యూటర్ మూసేసింది. ఆ రాత్రి ఫోను చేసి, "నీకు తెలిసి కూడా చెప్పలేదా?" అని ఒక్క మాట అడిగింది. తరువాత మూడేళ్ళు నేను చెప్పిన ఏ సిరీస్‌నూ ముట్టుకోలేదు.

అప్పటి నుంచి నాకొక నియమం. ఏముందో చెప్పాలి, ఎవరికి జరుగుతుందో చెప్పకూడదు. ఎక్కడుందో చెప్పాలి, ఎందుకు జరుగుతుందో చెప్పకూడదు. "నాలుగో ఎపిసోడ్‌లో జంతువులను చంపే దృశ్యాలు ఉన్నాయి, కొంచెంసేపటికి మళ్ళీ మళ్ళీ వస్తాయి" అంటే చాలు. ఆ మాటతో కథలో ఒక్క మలుపు కూడా బయటపడదు. వినేవారు తమకు కావలసిన నిర్ణయం తీసుకోగలుగుతారు.

హెచ్చరించేటప్పుడు కంటికి కనిపించేదాన్నే లెక్కపెట్టకండి, చెవిన పడేది కూడా లెక్కే. 2012 డిసెంబరులో దేశాన్ని కుదిపేసిన కేసు దర్యాప్తు మీద 2019లో 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజన్ వచ్చింది. 7 ఎపిసోడ్లలో ఎక్కడా ఆ అత్యాచారాన్ని తెర మీద చూపించలేదు. అది గౌరవించదగిన సంయమనం. దాన్ని పట్టుకుని కొందరు "ఏమీ చూపించరు, నిశ్చింతగా చూడవచ్చు" అని చెబుతున్నారు. గాయాల వివరాలు మొదట్లోనే మాటల్లో వస్తాయి. కళ్ళు మూసుకుంటే దృశ్యం ఆగుతుంది, మాట ఆగదు. ఆ తేడా చెప్పకుండా ఆ సిరీస్‌ను ఎవరికీ చెప్పకూడదు.

మీ జ్ఞాపకాన్ని నమ్మకండి. మనల్ని కదిలించినవే మనకు గుర్తుంటాయి, అవతలివారిని కదిలించేవి జారిపోతాయి. నాకు జరిగింది అదే. అందుకే చెప్పే ముందు ఎపిసోడ్లను ఒకసారి వేగంగా తిరగేసి, కాగితం మీద నంబర్లు వేసుకోవాలి. అంత తీరిక లేకపోతే 'డజ్ ద డాగ్ డై' అనే వెబ్‌సైట్ ఉంది. జంతువు చనిపోతుందా, ఆత్మహత్య ఉందా, పసిపిల్లలకు హాని జరుగుతుందా వంటి ప్రశ్నలకు చూసినవారే అవును, కాదు అని జవాబులు పెడతారు. మీరు చూసి అవతలివారికి చెప్పండి. వారినే చూసుకోమని పంపితే అక్కడి వ్యాఖ్యల్లో కథ మొత్తం తెలిసిపోవచ్చు. ఎపిసోడ్ మొదట్లో తెర మూలన కనిపించే వయసు అంకె, "హింస" అనే ఒక్క మాట మాత్రం ఈ పనికి చాలవు. ఏ రకం హింసో అవి చెప్పవు.

ఒక్కొక్కప్పుడు హెచ్చరించవలసిన సంగతే కథలో పెద్ద మలుపు అవుతుంది. అప్పుడు ఏం చేయాలన్నది చాలామందికి సందేహం. నిర్ణయం మీరు తీసుకోకండి. "ఒక సంగతి ఉంది. ముందే చెబితే నీకు ఒక మలుపు తెలిసిపోతుంది, చెప్పకపోతే అది నిన్ను బాధపెట్టవచ్చు. చెప్పమంటావా?" అని అడగండి. చెప్పమంటే చెప్పేయండి. మలుపు పోయినా సిరీస్ మిగులుతుంది.

ఇదంతా కలిపి నాలుగు వాక్యాల్లో ఎలా చెప్పాలో 'బ్రాడ్‌చర్చ్'తో చూపిస్తాను. "సముద్రం ఒడ్డున చిన్న ఊరు, పదకొండేళ్ళ పిల్లవాడి శవం దొరుకుతుంది, ఇద్దరు పోలీసు అధికారులు హంతకుణ్ణి వెతుకుతారు. నెత్తురు, కొట్లాట చాలా తక్కువ, కానీ ఇంట్లోవారి దుఃఖాన్ని దగ్గరగా చూపిస్తారు. మొదటి ఎపిసోడ్ తొలి భాగంలోనే తల్లి బీచ్ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, కప్పిన గుడ్డ కింద కనిపిస్తున్న బూట్లను గుర్తుపడుతుంది. అది చూడగలిగితే మిగతాది చూడగలవు." ఇంతకు మించి ఒక్క మాట వద్దు. "నీ జీవితం మారిపోతుంది" వద్దు. "ఇంతకంటే గొప్ప సిరీస్ రాలేదు" అసలే వద్దు. అంత ఎత్తు మాట విన్నవారు సిరీస్‌ను చూడరు, మీ మాట నిజమా కాదా అని తూకం వేస్తూ కూర్చుంటారు.

ట్రైలర్ పంపకండి. ఎనిమిది గంటల్లో పరచి ఉన్న చీకటినంతా రెండు నిమిషాల్లో కుక్కి చూపించేదే ట్రైలర్. మధ్యలో ఉన్న నిశ్శబ్దం, మనుషుల మధ్య చిన్న దయ, చిన్న నవ్వు అందులో కనిపించవు. వెనకాడే మనిషికి కావలసినవి అవే. ట్రైలర్ కంటే సిరీస్‌లోని మొదటి ఐదు నిమిషాలు చూపించడం వెయ్యి రెట్లు నయం.

చూసే ఏర్పాటు తేలికే. అసలు భాషలోనే, సబ్‌టైటిల్స్‌తో చూడాలి. దుఃఖాన్ని గొంతుతో పలికించిన నటుల నుంచి ఆ గొంతునే తీసేస్తే కథలో మిగిలేది నేరమే. పడుకునే వేళకు కనీసం గంట ముందే ముగియాలి. రోజుకు ఒక ఎపిసోడ్, అంతకు మించి వద్దు. 'చెర్నోబిల్', 'బ్రాడ్‌చర్చ్' వంటివి మొదట వారానికి ఒక ఎపిసోడ్ చొప్పున ప్రసారమైనవి. ఆ బరువు దిగడానికి వారం రోజుల వ్యవధి ఉండేది. ఒకే రాత్రి ఐదు ఎపిసోడ్లు మింగి "మనసు పాడైంది" అనేవారిని చూస్తే నాకు సిరీస్ మీద జాలి కలుగుతుంది.

పక్కన కూర్చుని చూస్తున్నట్లయితే తెర వైపు చూడండి, వారి ముఖం వైపు కాదు. "ఇప్పుడు వస్తుంది చూడు" అనకండి. ఆపమన్న క్షణంలో ఆపండి, "ఇంకో రెండు నిమిషాలే" అనకుండా. రెండు ఎపిసోడ్ల తర్వాత వద్దనుకుంటే మానేయవచ్చని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. తలుపు తెరిచి ఉందని తెలిసినవారే ఎక్కువసేపు లోపల కూర్చుంటారు. మా అక్క మూడేళ్ళ తరువాత 'బ్రాడ్‌చర్చ్' మొదలుపెట్టింది ఆ మాట విన్నాకే. ఆ బూట్ల దృశ్యం దగ్గర ఆపి, లేచి వెళ్ళి, పది నిమిషాల తరువాత తనే వచ్చి మళ్ళీ పెట్టింది. నేను ఏమీ అడగలేదు.

మరునాడు పొద్దున్నే "ఎంతవరకు వచ్చావు?" అని సందేశం పెట్టకండి. వారే చెబుతారు, లేదా చెప్పరు. మధ్యలో మానేశారని తెలిస్తే కారణం అడగవద్దు, ఏ ఎపిసోడ్‌లో ఏ దృశ్యం దగ్గర అన్నది మాత్రం అడిగి, అదే కాగితం మీద రాసిపెట్టుకోండి. తరువాత చెప్పబోయే సిరీస్‌ను అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి.