ఎచింగులో గీతలు తెగిపోకుండా

ఇంట్లో పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు) చేసేవాళ్లు రాగి పూత ఉన్న బోర్డు మీద మార్కర్‌తో గీతలు గీసి, మిగతా రాగిని రసాయనంతో తినిపిస్తరు, దీన్నే ఎచింగు అంటరు. ఈ పనికి మా నల్లగొండ, పాలమూరు ఎండాకాలం మంచిదీ, చెడ్డదీ. రాగిని తినే రసాయనం ఫెర్రిక్ క్లోరైడ్ 40 నుంచి 50 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. చలికాలంలో ట్రేను వేడినీళ్ల గిన్నెలో పెట్టాలె. మే నెలలో వేడిచెయ్యనవసరమే లేదు, కానీ రాగి తొందరగా పోతుంది కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి తీసి చూడండి. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. రసాయనం కిందికి తిన్నంతే దాదాపు పక్కకూ తింటుంది. ఎక్కువసేపు ఉంచితే మార్కర్ గీత కింద ఉన్న రాగిని పక్కల నుంచి తొలిచి సన్నగీత తెగుతుంది. అందుకే ఖాళీ జాగాను కూడా మార్కర్‌తో నింపి అక్కడి రాగిని అట్లనే ఉంచండి, తినాల్సింది తగ్గుతుంది, పని త్వరగా అయితది.

అరలీటరు నీళ్లలో పావుకిలో ఫెర్రిక్ క్లోరైడ్ పొడిని కొంచెం కొంచెంగా వేయండి. పొడి మీద నీళ్లు పోయొద్దు, ఒక్కసారి కాగి చిందుతుంది. ద్రావణానికి ఆర్వో నీళ్లు వాడండి. ట్రే ప్లాస్టిక్‌దే, స్టీలూ అల్యూమినియమూ వద్దు. బోర్డును రాగివైపు కిందికి పెట్టి తేలించి, మెల్లగా ఊపుతుండండి. మడ్డి రాలిపోయి కొత్త ద్రావణం తగులుతుంది. బోర్డు కింద గాలిబుడగ చిక్కితే అక్కడ రాగి మచ్చలా మిగులుతుంది.

వాడిన ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది. మోరీలో, బాయి దగ్గర, చెట్ల మొదట్ల పోయకండి. మూతగట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.