సుంకి ఘాట్‌లో ఏ గేరు వెయ్యాలి?

డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఒక లెక్క చెప్తారు. స్పీడు 15 దాటితే రెండో గేరు, 30 దాటితే మూడు, 45 దాటితే నాలుగు, 60 దాటితే ఐదు. ఒడిశాలోని మా జయపురం టౌన్లో తిరగడానికి, బొరిగుమ్మ వైపు చదును రోడ్డు మీద వెళ్లడానికి ఈ లెక్క చాలు. కానీ మా కోరాపుట్, జయపురం వైపు ఉన్న తెలుగు ఇళ్లల్లో కారు కొన్న కొత్తలో మొదటి దూరప్రయాణం దాదాపుగా విజయనగరానికో, విశాఖకో ఉంటుంది, ఆసుపత్రికో పెళ్లికో ఇంటిల్లిపాదీ ఎక్కుతారు, మధ్యలో పొట్టంగి నుంచి సాలూరు వరకు ఈ సుంకి ఘాట్ ఉంటుంది. అక్కడ ఆ లెక్క పనికిరాదు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మొదటి గేరులో ఇంజను చాలాసార్లు తిరిగితే చక్రం కొంచెం తిరుగుతుంది, అందుకే బలం ఎక్కువ, వేగం తక్కువ. ఐదో గేరులో బలం తక్కువ, వేగం ఎక్కువ. కాబట్టి గేరు అనేది మీటరు ముల్లు చూసి వేసేది కాదు, ఇంజను మీద ఎంత బరువు పడుతోందో చూసి వేసేది. అదే 30 స్పీడు, చదును రోడ్డు మీద ఒక్కరే ఉంటే మూడో గేరు హాయిగా లాగుతుంది, ఐదుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను ఉండి ఎత్తు ఎక్కుతుంటే అదే 30లో రెండు కావాలి.

ఎలా తెలుస్తుంది అంటే, ఎక్సలేటర్ కొంచెం నొక్కి చూడండి. బండి వెంటనే ముందుకు లాగితే గేరు సరిపోయినట్టే. నొక్కినా లాగకుండా కింద నుంచి దడదడమని శబ్దం వస్తూ, గేరు రాడ్డు మీద చెయ్యి పెడితే వణుకు తెలుస్తుంటే గేరు ఎక్కువైంది, ఒకటి తగ్గించండి. అప్పుడు ఇంకా గట్టిగా తొక్కితే పని జరగదు, ఇంజను దెబ్బతింటుంది, పెట్రోలు కూడా ఎక్కువే తాగుతుంది. ఇంజను గట్టిగా అరుస్తూ ఉంది, స్పీడు మాత్రం పెరగాల్సినంత పెరగట్లేదు అంటే చదును మీద గేరు పెంచే టైమైంది. ఆర్పీఎం మీటరు (ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపించేది) ఉంటే పెట్రోలు బండికి ఎత్తులో 2500 నుంచి 3500 మధ్య ఉంచండి, డీజిలు బండికి 2000 దగ్గరే బలం వచ్చేస్తుంది. కొత్తవాళ్లు 3500 శబ్దం వినగానే ఇంజను పాడైపోతుందని భయపడి గేరు పెంచేస్తారు. భయం అక్కర్లేదు, చాలా పెట్రోలు ఇంజన్లు 6000 దాకా తిరిగేలా తయారుచేస్తారు, ఘాట్‌లో ఆ మాత్రం శబ్దం రావాల్సిందే.

ఇప్పుడు ఎక్కడం సంగతి. సాలూరు నుంచి ఎక్కేటప్పుడు గేరు మార్పు అంతా మలుపుకి ముందే అయిపోవాలి. చాలామంది మలుపు సగంలోకి వచ్చాక, బండి మొరాయించాక అప్పుడు క్లచ్ నొక్కి గేరు వెతుకుతారు. ఆ రెండు సెకన్లలో ఉన్న ఊపంతా పోతుంది, గేరు వేసేసరికి రెండు కూడా సరిపోదు, ఒకటికి రావాల్సి వస్తుంది, వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టేస్తాడు, ఇక టెన్షన్. అందుకని మలుపు కనిపించగానే బ్రేకుతో స్పీడు తగ్గించి, రెండో గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, అప్పుడు స్టీరింగ్ తిప్పండి. నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు అని వరసగా రానక్కర్లేదు, స్పీడు తగ్గిపోయి ఉంటే నాలుగు నుంచి నేరుగా రెండు వేసెయ్యొచ్చు. రెండులో కూడా లాగకపోతే ఒకటి వెయ్యండి, కాకపోతే బండి మనిషి నడిచేంత నెమ్మదికి వచ్చాకే.

ఇంకోటి, కోరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపేది) లేని ఇంజను బలం ప్రతి వెయ్యి మీటర్లకి సుమారు 10 శాతం తగ్గుతుంది. సాలూరు దగ్గర మూడులో ఎక్కిన ఎత్తులాంటిదే పైన రెండు అడిగితే బండిలో లోపం ఉందని కంగారు పడకండి. చిన్న పెట్రోలు బండి అయితే నిటారు ఎత్తుల్లో ఏసీ ఆపెయ్యండి, తేడా కాలికి తెలుస్తుంది.

ముందు లోడు లారీ పాకుతూ వెళ్తుంటే దాని వెనక అతుక్కుని వెళ్లకండి. దగ్గరగా వెళ్తే అది ఆగినప్పుడల్లా మీరూ ఆగాలి, ఆగకుండా ఉండటానికి హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కి ఉంచి, వేలాడతారు, కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఆ వాసన క్లచ్ ప్లేటుది. బాగా వెనక ఉండి ఒకటిలోనో రెండులోనో కాలు క్లచ్ మీద లేకుండా నెమ్మదిగా వెళ్లండి. పూర్తిగా ఆగాల్సి వస్తే హేండ్ బ్రేకు వేసి న్యూట్రల్ చెయ్యండి. మళ్లీ కదలాలంటే మొదటి గేరు వేసి, కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదులుతూ ఉండండి. ఒక చోట ఇంజను శబ్దం బరువెక్కి బండి ముందు భాగం కాస్త పైకి లేచినట్టు అనిపిస్తుంది, అదే పట్టు దొరికిన చోటు. కాళ్లు అక్కడే ఉంచి హేండ్ బ్రేకు దించండి, బండి అంగుళం కూడా వెనక్కి రాదు. ఘాట్ ఎక్కేముందు ఏదైనా ఖాళీ ఎత్తు మీద దీన్ని ఓ ఇరవై సార్లు చేసి చూడండి.

దిగడం గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఎక్కేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగుతుంది, దిగేటప్పుడు తప్పు చేస్తే ఆగదు. రెండేళ్ల కిందట మా బావమరిది పొట్టంగి దాటాక పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేశాడు. నేను పక్క సీట్లో ఉన్నాను, ఏదో ఫోన్‌లో మాట్లాడుతూ పట్టించుకోలేదు. కొన్ని మలుపులు బాగానే దిగాం. తర్వాత కాలిన వాసన, ఆ వెంటనే వాడు "బావా, బ్రేకు కిందికి పోతోంది" అన్నాడు. మామూలుగా సగంలో పట్టే పెడల్ మెత్తగా అడుగుదాకా పోతోంది. మూడు వెయ్యమన్నాను, ఇంజను గట్టిగా అరిచి స్పీడు తగ్గింది, వెంటనే రెండు వేయించి, వెడల్పు చోటు చూసి హేండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగి ఆపాం. ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. నీళ్లు పోద్దాం అన్నాడు, వద్దన్నాను, కాలుతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు, పగలొచ్చు. ముప్పావుగంట కూర్చున్నాం, పెడల్ మళ్లీ గట్టిపడింది.

జరిగింది ఏంటంటే, బండి బరువు మొత్తాన్ని బ్రేకులే మోశాయి, ఆ వేడికి బ్రేకు ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నొక్కితే బుడగ నలుగుతుంది గానీ బ్రేకు పట్టదు. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. పైగా పెట్రోలు మిగులుతుందన్నది కూడా నిజం కాదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ మీద కాలు తీసేస్తే ఇంజనుకి ఇంధనం ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఆగిపోకుండా తిరగడానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది. ఇంజను ఆపేసి దిగేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి అది అస్సలు చెయ్యకండి, రెండు మూడుసార్లు నొక్కాక బ్రేకు బండరాయిలా అయిపోతుంది, స్టీరింగూ బిగుసుకుంటుంది.

లారీ డ్రైవర్లు, ఒడియావాళ్లు గానీ మనవాళ్లు గానీ, చెప్పే మాట ఒకటే, ఎక్కిన గేరులోనే దిగు అని. సుంకి దగ్గర రెండులో ఎక్కే చోటు రెండులోనే దిగండి. అప్పుడు కూడా స్పీడు పెరుగుతుంటే బ్రేకు గట్టిగా ఓసారి నొక్కి వదిలెయ్యండి, దాని మీద కాలు ఆనించి ఉంచకండి. ఇరుకు చోట పైకి వచ్చే బండి ఎదురైతే దిగే మీరే ఆగి దారివ్వండి, రూలు కూడా అదే, ఎత్తులో ఆగితే వాళ్లకి మళ్లీ కదలడం కష్టం.

మధ్యలో టీకి ఆపితే హేండ్ బ్రేకు ఒక్కదాన్నే నమ్మకండి. బండి ముఖం ఎత్తు వైపు ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్ వేసి ఉంచండి, చక్రం కింద రాయి పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డుకి బాగా పక్కన పడేయండి, చీకట్లో మలుపు తిరిగి వచ్చే బైకువాడికి అది కనబడదు.