కారులో కూలెంట్ చూసుకోవడం, తగ్గితే పోయడం ఎలా?

నెల్లూరులో ఏప్రిల్ వచ్చిందంటే అందరూ కారు ఏసీ గ్యాస్ నింపించుకుంటారు. ఇంజిన్ వేడిని లాగి రేడియేటర్‌కు చేర్చే ద్రవం, అదే కూలెంట్, దాని సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఏసీ చల్లబరచకపోతే చెమట పడుతుంది, అంతే. కూలెంట్ అడుగంటితే ఇంజిన్ పైభాగమైన హెడ్ వంకర పోతుంది, ఆపైన ఆటోనగర్‌లో బిల్లు వేలల్లో వస్తుంది. చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. నెలకోసారి ఒక అలవాటుగా పెట్టుకోండి. తిరుమల కొండకో, రాపూరు ఘాట్ మీదుగా రాజంపేటకో వెళ్లేటట్లయితే ముందు రోజు ఉదయం తప్పకుండా చూడండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. నడిచి ఆగిన బండిలో కూలెంట్ వేడి వంద డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడి దాన్ని మరగనివ్వదు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, సలసలా మరిగి, ఆవిరితో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. తడిగుడ్డ కప్పి తిప్పితే ఏమీ కాదని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే చూడటం అన్నిటికన్నా మంచిది. వేడికి కూలెంట్ వ్యాకోచించి పైకి వస్తుంది కాబట్టి అసలు మట్టం చల్లని ఇంజిన్‌లోనే తెలుస్తుంది.

కారును చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి బానెట్ ఎత్తండి. లోపల పాలరంగు ప్లాస్టిక్ డబ్బాలు రెండు కనిపించవచ్చు. మూత మీద అద్దం, నీటి చిమ్ము బొమ్మ ఉంటే అది వైపర్ నీళ్ల డబ్బా. కూలెంట్ డబ్బా మూత మీద మామూలుగా అలల్లో నిలబెట్టిన థర్మామీటర్ బొమ్మో, వేడి గురించిన హెచ్చరికో ఉంటుంది. దాని నుంచి ఒక రబ్బరు పైపు రేడియేటర్ వైపో ఇంజిన్ వైపో పోతుంది. తొందరలో వైపర్ డబ్బాలో కూలెంట్ పోసేవాళ్లు లేకపోలేదు.

డబ్బా పక్కన 'మ్యాక్స్', 'మిన్' అని గానీ, 'ఫుల్', 'లో' అని గానీ రెండు గీతలుంటాయి. ద్రవం వాటి మధ్య ఉంటే సరే. పాత డబ్బా పసుపెక్కి లోపల ఏమీ కనిపించకపోతే వెనక నుంచి ఫోను టార్చి వేసి చూడండి, మట్టం నీడలా తేలుతుంది. రంగు కూడా గమనించండి. తుప్పు రంగుకు తిరిగితే కూలెంట్ మొత్తం మార్చే వేళ దాటిందన్నమాట. పైన పాల కాఫీ మీగడలాంటి జిడ్డు తేలుతుంటే ఆయిల్ కలిసి ఉండవచ్చు. హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందేమో చూపించాలి, అంతవరకు బండి తీయకండి.

ఇక ఏం పోయాలి? బండితో వచ్చిన పుస్తకంలో ఏ రకం చెబితే అదే. పచ్చది పచ్చదానిలో, ఎర్రది ఎర్రదానిలో అనే లెక్క నమ్మదగినది కాదు, రంగు కంపెనీ ఇష్టం. రకాలు కలిస్తే తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు దెబ్బతింటాయి. దుకాణంలో రెండు రకాల సీసాలు దొరుకుతాయి. ఒకటి నేరుగా పోసేది, నీళ్లు ముందే కలిపి ఉంటుంది. రెండోది చిక్కటిది, మామూలుగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయాలి. చిక్కగా ఉంటే ఎక్కువ చల్లబరుస్తుందనుకోవద్దు, వేడిని మోసుకుపోవడంలో నీళ్లే మేలు. కూలెంట్‌లోని గ్లైకాల్ అనే రసాయనం మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది.

బోరు నీళ్లు మాత్రం వద్దు. ప్రకాశం పడమటి మండలాల వాళ్లకు ఈ సంగతి వివరించనక్కరలేదు. బకెట్ అంచున తెల్లటి చార కట్టే నీళ్లు రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ అదే పని చేస్తాయి. దారిలో వేరే గత్యంతరం లేకపోతే ఆర్వో నీళ్లు పోసి ఇంటికి చేరి, తర్వాత కూలెంట్ పాళ్లు సరిచేయించండి.

ఇంజిన్ చల్లారి ఉన్నా మూత మీద గుడ్డ వేసి నెమ్మదిగా కొంచెం తిప్పండి. 'స్స్' మంటే ఆగండి, చప్పుడు పోయాక పూర్తిగా తీయండి. గరాటుతో కొద్దికొద్దిగా, పై గీత దాటకుండా పోసి మూత బిగించండి. కొన్ని బండ్లలో రేడియేటర్‌కు వేరే మూత ఉంటుంది, డబ్బా ఖాళీ అయి ఉంటే చల్లని ఇంజిన్‌లో అదీ తీసి చూడాలి. ఒకసారి బండి తిప్పి, చల్లారాక మళ్లీ మట్టం చూడండి, గాలి బయటికి వెళ్లి కాస్త దిగవచ్చు. ఒలికినది వెంటనే కడిగేయండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి విషం. పిల్లలకూ అందనివ్వకండి.

హైవే మీద ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చినా, ఎర్ర లైటు వెలిగినా ఏసీ ఆపి, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. కనీసం అరగంట మూత జోలికి పోవద్దు. కాగిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే లోహం పగలవచ్చు.

ఒకసారి పోశాక వారాల్లోనే మళ్లీ తగ్గిందంటే లీకు ఉన్నట్టే. కూలెంట్ ఆవిరై పోయేది కాదు. పొద్దున కారు కింద అట్టముక్క పరచి చూడండి. ఏసీ నీళ్లు రంగూ వాసనా లేకుండా ఉంటాయి. కూలెంట్ చుక్కకు రంగుంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, తీపి వాసన వేస్తుంది. హోస్ పైపు క్లాంపుల దగ్గర ఎండిన తెల్లటి, పచ్చటి మరకలు కూడా లీకు ఆనవాళ్లే. మెకానిక్‌ను మళ్లీ పోయమని కాకుండా, ప్రెజర్ టెస్ట్ పెట్టి ఎక్కడ కారుతోందో చూపించమని అడగండి.