సన్న వెంట్రుకలకు ఎలక్ట్రాలిసిస్: సూది దిగేలోపు తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

పైపెదవి మీద నూగు, గడ్డం కింద నాలుగైదు ముదురు వెంట్రుకలు. రోజూ అద్దంలో వాటినే వెతుక్కునేవాళ్లకి అదెంత టెన్షనో నాకు తెలుసు. ఎలక్ట్రాలిసిస్‌తో వాటిని శాశ్వతంగా తీయించుకోవచ్చు, నిజమే. నేనూ తీయించుకున్నాను. కానీ నా మొదటి సిట్టింగ్ ఏమీ తెలియకుండా, తొందరలో జరిగిపోయింది. పైపెదవికి ఎడమవైపు సూదిమొనంత గుంటలు రెండు పక్కనుంచి వెలుతురు పడితే ఇప్పటికీ కనిపిస్తాయి. మీరు ఇప్పుడే మొదలుపెట్టబోతుంటే, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఇది చదవండి.

అసలు అక్కడ ఏం చేస్తారో ముందు తెలియాలి. చర్మం లోపల ప్రతి వెంట్రుకకూ గొట్టంలాంటి ఒక చిన్న కుదురు ఉంటుంది. వెంట్రుక పక్కనుంచే దానికన్నా పెద్ద లావుండని సూదిని ఆ కుదురులోకి దించి, కొద్దిపాటి కరెంటు పంపి, వెంట్రుకను పుట్టించే కణాలను దెబ్బతీస్తారు. ఆ తర్వాత పట్కారుతో వెంట్రుకను తీసేస్తారు. ఈ పద్ధతి అందం కోసం పుట్టింది కాదు. రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కంటిని గుచ్చుతుంటే, వాటిని తీయడానికి దీన్ని వాడానని అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టర్ 1875లో ప్రకటించారు. రెప్ప అంచునే చేయగలిగారంటే ఇది ఎంత సున్నితంగా చేయదగ్గ పనో ఊహించుకోండి. మెషీన్ ఎంత గొప్పదైనా ఫలితం చేసేవాళ్ల చేతి నేర్పు మీదే ఆధారపడుతుంది.

పద్ధతులు మూడు. గాల్వానిక్‌లో డైరెక్ట్ కరెంటు పంపితే కుదురులోని ఉప్పు, నీరు కలిసి కాస్టిక్ సోడాగా మారి వేరును తినేస్తాయి. నెమ్మదైన పద్ధతి, కానీ వంకర తిరిగిన వేళ్ల దాకా చేరుతుంది. థర్మాలిసిస్‌లో హై ఫ్రీక్వెన్సీ కరెంటు వేడి పుట్టించి పని ముగిస్తుంది, ఒక్కో వెంట్రుకకు ఒక్కోసారి సెకను కూడా పట్టదు. రెండూ కలిపి చేసేది బ్లెండ్. సన్న వెంట్రుకలకు ఎక్కువగా థర్మాలిసిసే వాడతారు. వేగంగా అవుతుంది కాబట్టి ఒకే సిట్టింగ్‌లో వందల వెంట్రుకలు తీసేయొచ్చు. నాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

ఏ వెంట్రుక తీయించాలి, ఏది వదిలేయాలి

మొహం మీద అందరికీ నూగు ఉంటుంది. భూతద్దంలో తప్ప కనిపించని ఆ నూగు జోలికి పోవద్దని నా సలహా. దూరం నుంచి కూడా కనిపించేవి, రంగు తేలినవి, కొంచెం ముదిరినవి ఉంటాయి కదా, వాటికి మాత్రమే సూది వేయించుకోండి. వెంట్రుక ఎంత సన్నగా ఉంటే కరెంటు అంత తగ్గించాలి. సన్నదానికి ముదురుదాని సెట్టింగ్ వాడితే కాలేది పక్కనున్న చర్మమే.

లేజర్ మంచిదా, ఇది మంచిదా అని చాలామంది అడుగుతారు. లేజర్ వెంట్రుకలోని రంగును పట్టుకుని పనిచేస్తుంది. సన్నవి, తెల్లబడినవి, లేత రంగువి దానికి దొరకవు. పైగా మొహం మీద లేజర్ చేయించుకున్న కొందరిలో ఉన్న నూగే ముదిరి కొత్త వెంట్రుకలుగా మారుతుంది. ఎలక్ట్రాలిసిస్‌కు వెంట్రుక రంగుతో పనిలేదు. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ కూడా లేజర్‌ను శాశ్వతంగా 'తగ్గించే' పద్ధతిగానే చూస్తుంది, 'తొలగించే' పద్ధతి అన్న మాట ఎలక్ట్రాలిసిస్‌కే ఇస్తుంది.

ఇంకో మాట. నెలసరి తప్పుతూ ఉన్నా, వెంట్రుకలు కొద్ది నెలల్లోనే హఠాత్తుగా పెరిగినా, గొంతు బొంగురుపోతున్నా, తలమీద జుట్టు పలచబడుతున్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పీసీఓఎస్ లాంటి హార్మోన్ సమస్య ఉంటే సూది ఉన్న వెంట్రుకను తీస్తుంది గానీ కొత్తవి రాకుండా ఆపలేదు. రక్తపరీక్షలు చేయించుకుని, అవసరమైన మందులు వాడుతూ ఇది కూడా చేయించుకుంటే పడ్డ కష్టానికి ఫలితం ఉంటుంది.

ముందే చెప్పాల్సినవి

పేస్‌మేకర్ గానీ, గుండె లయను సరిచేయడానికి ఒంట్లో అమర్చిన డీఫిబ్రిలేటర్ గానీ ఉంటే కార్డియాలజిస్ట్ ఒప్పుకోకుండా కరెంటు దగ్గరికి వెళ్లొద్దు. గర్భంతో ఉంటే ప్రసవం అయ్యేదాకా ఆగడం మేలు. ఆగలేకపోతే మీ డాక్టర్‌ని అడగండి, గాల్వానిక్, బ్లెండ్ మాత్రం అసలు వద్దు. మూర్ఛ, షుగర్, రక్తం పలచబడే మందులు, శరీరంలో లోహపు ఇంప్లాంట్లు, ఇవన్నీ అడగకపోయినా మీరే చెప్పండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవాళ్లకి చర్మం సున్నితంగా మారి మానడం ఆలస్యమవుతుంది. ఎంతకాలం ఆగాలో ఆ మాత్రలు రాసిన డాక్టరే చెప్పాలి. గాయమైతే మచ్చ ఉబ్బి కీలాయిడ్‌గా మారే తత్వం ఉంటే అదీ దాచొద్దు. పెదవుల మీద నీళ్ల పొక్కులు తరచూ వచ్చేవాళ్లకు పైపెదవి మీద సూది పడగానే అవి మళ్లీ రావచ్చు, ముందే మందు తీసుకుంటే వాటిని ఆపవచ్చు. పుట్టుమచ్చలోంచి వచ్చిన వెంట్రుకను చర్మవ్యాధి నిపుణులు ఆ మచ్చను చూసి సరేనన్నాకే ముట్టుకోనివ్వాలి. ముక్కు లోపల, చెవి లోపల అసలే వద్దు.

వెళ్లే ముందు వారాలు

థ్రెడింగ్, వ్యాక్సింగ్, ప్లకింగ్ ఆపేయండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. వెంట్రుకను వేరుతో లాగేస్తే కుదురు ఖాళీగా ఉంటుంది, సూది ఎక్కడికి దించాలో ఎవరికీ తెలియదు. కత్తెరతో కత్తిరించుకోవచ్చు, షేవ్ చేసుకోవచ్చు. షేవ్ చేస్తే ముదురుతాయన్నది అపోహ, కుదురుకు ఆ సంగతి తెలియదు. సిట్టింగ్‌కు నాలుగైదు రోజుల ముందు షేవ్ చేసుకుని వదిలేస్తే ఆ రోజుకి పైకి కనిపించేవి చాలావరకు అప్పుడు పెరిగే దశలో ఉన్నవే. వాటికి సూది వేస్తేనే వేరు బాగా దెబ్బతింటుంది. పట్కారుకు దొరకడానికి 2, 3 మిల్లీమీటర్ల పొడవు చాలు.

నెలసరికి ముందు రోజుల్లో నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, వీలైతే ఆ రోజులు తప్పించండి. ముందురోజు బాగా నీళ్లు తాగండి. మొద్దుబారే క్రీమ్ వాడాలనుకుంటే కాస్తంత మేరకే, డాక్టర్ చెప్పిన కొలతలోనే రాయండి. ఎక్కువ మేర దట్టంగా పట్టించి పైన ప్లాస్టిక్ చుడితే ఆ మందు రక్తంలోకి పోయి గుండెకూ మెదడుకూ ముప్పు తెస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

చేసేచోట చూడాల్సింది

సూది సీల్ ఉన్న ప్యాకెట్లోంచి మీ కళ్లముందే తీయాలి, మీ పని అయిపోగానే పారేయాలి. చేతికి గ్లవ్స్ ఉండాలి, పట్కారు స్టెరిలైజ్ చేసినదై ఉండాలి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి ఒకరి సూదితో ఇంకొకరికి అంటుకునేవే, అడగడానికి మొహమాటపడకండి. మంచి వెలుతురు, భూతద్దం లేకుండా సన్న వెంట్రుకలు తీసేవాళ్లని నేనైతే నమ్మను. మొదటి రోజే మొహమంతా చేయనివ్వకుండా దవడ కింద పది పదిహేను వెంట్రుకలకు మాత్రమే చేయించి రెండు మూడు వారాలు ఆగండి. ముఖ్యంగా చామనఛాయ, నలుపు చర్మానికి ఈ పరీక్ష తప్పనిసరి. ఎర్రగా కందింది పోయాక కూడా ఆ చోట నల్లమచ్చ మిగిలిందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సూది సరిగ్గా కుదురులోకి దిగితే గుచ్చుకున్నట్టు ఉండదు. కరెంటు వచ్చిన క్షణం మాత్రం చురుక్కుమంటుంది, కళ్లలో నీళ్లు తిరగొచ్చు కూడా, పైపెదవి మీద మరీను. ఆ తర్వాత వెంట్రుక వెన్నలోంచి లాగినట్టు జారి వచ్చేస్తుంది. దాని మొదట్లో చిన్న ఉబ్బు, చుట్టూ తడిగా మెరిసే పలచని తొడుగు కనిపిస్తాయి. ఒక్కసారి అడిగి భూతద్దం కింద చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అలా కాకుండా థ్రెడింగ్‌లోలా చర్మంతో సహా చుంయ్‌మని లాగినట్టు అనిపిస్తే ఆ వెంట్రుకకు వేరు దాకా కరెంటు చేరలేదన్నమాట. నొప్పీ పడ్డారు, అది మళ్లీ వస్తుంది కూడా.

నా మొదటి సిట్టింగ్‌లో ప్రతి వెంట్రుకా అలాగే లాగింది. ఇది ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. "పైపెదవి ఈరోజే మొత్తం అయిపోద్ది మేడం" అంటే సంతోషంగా తలూపాను. యాభై నిమిషాలు. పక్కపక్కనే ఉన్న కుదుళ్లన్నిటికీ వరసగా సూది. మర్నాటికి పైపెదవి వాచి, తేనెరంగు పక్కులు కట్టాయి. ఆ పక్కుల్ని నేను గోటితో గిల్లాను. ఆ గుంటలు అలా మిగిలినవే.

కాబట్టి వరసగా ఉన్నవాటిలో ఒకటి వదిలి ఒకటి చేయమనండి. పైపెదవికి ఒక సిట్టింగ్‌లో పది పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. సూది పడ్డచోట చర్మం తెల్లగా పాలిపోతున్నా, నీళ్లపొక్కు లేస్తున్నా, మాటిమాటికీ రక్తం వస్తున్నా "ఆపండి" అనండి. కరెంటు తగ్గించాలి, లేదా సూది లోతు మార్చాలి. ఏమీ కాదు, ఓర్చుకోండి అని మాత్రమే అన్నారంటే లేచి వచ్చేయండి.

వచ్చాక

కొన్ని గంటలు ఎరుపు, వాపు మామూలే. శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టొచ్చు. మొదటి రోజంతా మేకప్ వద్దు. రెండు రోజులు చెమట పట్టే వ్యాయామం, ఆవిరి పట్టడం, ఈత వద్దు. ఎండలోకి వెళ్లాల్సి వస్తే మొహం కప్పుకోండి. చర్మం కుదుటపడ్డాక కొన్ని వారాలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాయండి, నల్లమచ్చలు చాలావరకు ఎండ వల్లే ముదురుతాయి. పక్కు దానంతటదే రాలాలి. గిల్లకండి, రుద్దకండి, స్క్రబ్ వాడకండి. చీము, పెరుగుతున్న నొప్పి, జ్వరం ఉంటే డాక్టర్‌కి చూపించండి.

నెల తిరక్కుండానే మళ్లీ వెంట్రుకలు కనిపిస్తే కంగారు పడొద్దు. వాటిలో చాలావరకు ఆ రోజు చర్మం కింద నిద్రదశలో ఉన్నవి. అందుకే మొహానికి ఏడాది, ఏడాదిన్నర పట్టడం మామూలే. మధ్యలో పీకారంటే లెక్కంతా తప్పుతుంది. ఇంట్లో వాడుకునే కరెంటు ట్వీజర్లతో శాశ్వతంగా పోతాయన్న ప్రకటనలు నమ్మకండి, అలా పోతాయని రుజువు కాలేదు.

ప్రతి సిట్టింగ్ తర్వాత ఒక నోట్‌బుక్‌లో తేదీ, పద్ధతి, ఏ చోట, ఎన్ని నిమిషాలు, మర్నాడు చర్మం ఎలా ఉందో రాసుకోండి, ఒకే వెలుతురులో ఫొటో తీసుకోండి. నేను రెండోచోటికి మారినప్పుడు అక్కడి ఆవిడ ముందు నా పైపెదవి చూసి, కుడివైపు మాత్రమే మొదలుపెట్టారు. ఎడమవైపు గురించి నా నోట్‌బుక్‌లో మొదటి రెండు నెలలూ ఒకే మాట ఉంటుంది: ముట్టుకోలేదు.