తుఫాను తరువాత డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టడానికి ముందే రాసుకోవలసిన ప్రణాళిక

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన తరువాత నగరంలో చాలాచోట్ల కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. అటువంటప్పుడు సర్వర్ చెక్కుచెదరకపోయినా దాని దగ్గరకు చేరే దారి ఉండదు. అందువల్ల యంత్రం పాడైతే ఏమి చేయాలన్న ప్రశ్నతో ఆగకూడదు. ఊరు ఊరంతా అందుబాటులో లేనప్పుడు వేరే ఊళ్లో ఉన్న ఒక్క ఉద్యోగి ఈ పని పూర్తి చేయగలరా అన్న ప్రశ్నతో ప్రణాళికను మొదలుపెట్టాలి.

ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలం, ఎంతసేపట్లో సేవలు మళ్లీ మొదలుకావాలి అన్న రెండు అంకెలను ముందుగా తేల్చుకోవాలి. వీటిని ఐటీ విభాగానికే వదిలేయడం సరికాదు, నష్టం భరించవలసినవారే నిర్ణయించాలి.

తరువాతిది దూరం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం కాలిపోయినప్పుడు, బ్యాకప్‌లను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు ఖాతాదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. సర్వర్ విశాఖలో ఉంటే బ్యాకప్ కనీసం హైదరాబాద్‌లోనైనా ఉండాలి. రిప్లికా (అసలు డేటాబేస్‌లోని ప్రతి మార్పునూ వెంటనే తనలోనూ చేసుకునే నకలు) ఉంది కదా అని ధీమా పడకూడదు, ఎందుకంటే పొరపాటున చెరిపేసిన పట్టిక క్షణాల్లో అక్కడా చెరిగిపోతుంది.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడేవారు బేస్ బ్యాకప్‌తో (మొత్తం డేటాబేస్ నకలు) పాటు, ప్రతి మార్పూ వరుసగా నమోదయ్యే వాల్ (WAL) ఫైళ్లను నిరంతరం ఆర్కైవ్ చేయాలి, అంటే వేరేచోటికి పంపి దాచాలి. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. వాల్ ఫైలు మామూలుగా 16 ఎంబీ నిండితేనే ఆర్కైవ్‌కు వెళ్తుంది; రాత్రిపూట రద్దీ తగ్గే చిన్న ఆసుపత్రిలో అది నిండడానికి గంటలు పట్టవచ్చు, ఆలోగా సర్వర్ పోతే ఆ గంటల నమోదులన్నీ దానితోనే పోతాయి. ఫైలు నిండకపోయినా గడువు కాగానే దాన్ని పంపించే ఆర్కైవ్ టైమౌట్ అనే అమరికను 5 నిమిషాలకు పెట్టుకుంటే ఆర్కైవ్ సక్రమంగా సాగుతున్నంత కాలం నష్టం దాదాపు ఆ మేరకే పరిమితమవుతుంది.

తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను. మూడు నెలలకొకసారి ఖాళీ సర్వర్ మీద బేస్ బ్యాకప్ పరిచి, ఆర్కైవ్ నుంచి డేటాను పునరుద్ధరించమని పోస్ట్‌గ్రెస్‌కు తెలిపే రికవరీ సిగ్నల్ ఫైలు సృష్టించి, ఏ సమయం వరకు కావాలో చెప్పి నడిపించాలి. డేటాబేస్ లేవగానే పని అయిపోయిందనుకోకుండా, చివరి రసీదు నంబరును కౌంటర్‌లోని కాగితపు రసీదుతో పోల్చి, మొత్తం ఎంతసేపు పట్టిందో రాసిపెట్టాలి. ఈ సాధనను ఆ వ్యవస్థను కట్టిన ఇంజినీరు చేత కాకుండా, రాసిన సూచనలు మాత్రమే చేతిలో ఉన్న మరొకరి చేత చేయించడం మంచిది.

ఎన్‌క్రిప్షన్ తాళాలు, క్లౌడ్ ఖాతా వివరాలు, ఫోన్ నంబర్లు ఆ సర్వర్‌లోనే ఉంటే ప్రయోజనం లేదు; వాటి ప్రతిని వేరే ఊళ్లో భద్రపరచాలి.

చివరగా, కొత్త సర్వర్ పని మొదలుపెట్టాక కరెంటు తిరిగి వచ్చి పాత సర్వర్ దానంతటదే లేస్తే, రెండింటిలోనూ వేర్వేరు నమోదులు చేరి కలపడానికి వీలుకాని స్థితి వస్తుంది. అందుకని పాతదానికి అప్లికేషన్ల నుంచి కనెక్షన్లు అందకుండా ఫైర్‌వాల్‌లో ఆపే అడుగును, అది ఎవరు చేయాలో పేరుతో సహా, ప్రణాళికలో రాయాలి.