సంక్రాంతి సెలవులకు ముందు: సర్వర్‌ను కాపలా కాసే స్క్రిప్టులపై జాగ్రత్తలు

కిందటి నెలలో నాకు తెలిసిన ఒక చిన్న సంస్థ సర్వర్ శనివారం రాత్రి 11 గంటలకు పడిపోయి, సోమవారం ఉదయం 8 గంటల దాకా లేవలేదు. అక్కడ అలర్టుల స్క్రిప్టు, అంటే సర్వర్ పడిపోతే ఫోనుకు కబురు పంపే చిన్న ప్రోగ్రాం, లేకపోలేదు. వేళకు పనులు నడిపే క్రాన్ దాన్ని ఐదు నిమిషాలకోసారి రెండేళ్లుగా నడుపుతూనే ఉంది. అయినా ఆ 33 గంటల్లో ఎవరి ఫోనూ మోగలేదు, ఎందుకంటే స్క్రిప్టు కూడా పడిపోయిన సర్వర్‌లోనే ఉంది. భోగి నుంచి కనుమ దాకా ఆఫీసులు ఖాళీ అయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

స్క్రిప్టు ఎలా రాయాలో ఇక్కడ చెప్పడం లేదు, అది మీకు తెలుసు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ వాటికి మూలం ఒక్కటే: ఫోను మోగలేదంటే సర్వర్ బాగుందనుకోవడం. సర్వర్ బాగున్నా అలర్టు రాదు, స్క్రిప్టు ఆగిపోయినా అలర్టు రాదు. ఊళ్లో ఉన్న మనిషికి ఈ రెండింటికీ తేడా తెలియదు. పెద్ద సంస్థలూ ఈ గోతిలో పడ్డాయి. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ పొరపాటున చెరిగిపోయాక, బ్యాకప్పులు సరిగా జరగడం లేదని, ఆ సంగతి చెప్పే మెయిళ్లు డీమార్క్ (మెయిల్ పంపింది నిజంగా ఆ సంస్థేనా అని చూసే) తనిఖీలో తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదని బయటపడింది. సరిగ్గా నాలుగు వారాలకు ఫైళ్లు దాచే అమెజాన్ ఎస్3 సేవ ఆగినప్పుడు, సేవల స్థితిని ప్రకటించే పేజీని నడిపే కన్సోల్ సైతం ఎస్3 మీదే ఆధారపడటం వల్ల ఆ పేజీని కొంతసేపు వారే మార్చలేకపోయారు.

అందుచేత కాపలా స్క్రిప్టును కాపలా కాయాల్సిన సర్వర్‌లో పెట్టకండి. అదే ర్యాక్‌లోని పక్క మెషిన్‌లోనూ వద్దు, ఎందుకంటే కరెంటు, స్విచ్, నెట్ లైను రెండింటికీ ఒకటే. వేరే కంపెనీ దగ్గర చవకగా దొరికే చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) చాలు. ఇక స్క్రిప్టు తన పని ముగించిన ప్రతిసారీ బయటి సేవ ఒకదానికి 'నేను నడిచాను' అని ఒక రిక్వెస్టు పంపేలా చేయండి. పది నిమిషాలు ఆ రిక్వెస్టు రాకపోతే ఆ సేవే మిమ్మల్ని లేపుతుంది. హెల్త్‌చెక్స్, అప్‌టైమ్ కుమా వంటివి ఈ పనికి సరిపోతాయి, అయితే కుమా మనమే నడుపుకునే ప్రోగ్రాం కనుక దాన్ని కూడా బయటే పెట్టాలి.

అలర్టు వెళ్లే దారిని అంతే అనుమానంగా చూడాలి. మన దేశంలో ఎస్ఎంఎస్ వాక్యం డీఎల్‌టీలో (టెలికాం ఆపరేటర్ల నమోదు వ్యవస్థలో) నమోదైన టెంప్లేట్‌తో సరిపోలకపోతే ఆపరేటర్ దాన్ని ఆపేస్తాడు. 2021 మార్చి 8న ఈ తనిఖీ కఠినమైనప్పుడు బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయాయి. సందేశంలో మీరు సరదాగా మార్చిన ఒక్క పదం అందుకు చాలు. టెలిగ్రామ్‌లో మా కథ వేరు. కొత్తగా చేరినవారికి పాత సందేశాలు కనబడాలని మా అలర్టుల గ్రూపులో నేనే ఒక సెట్టింగు మార్చాను; దాంతో గ్రూపు సూపర్‌గ్రూపుగా మారింది, చాట్ ఐడీ (గ్రూపు గుర్తింపు సంఖ్య) మారింది, పాత ఐడీకి వెళ్లిన అలర్టులన్నీ ఎర్రరుతో వెనక్కి వచ్చాయి. ఆ ఎర్రరును స్క్రిప్టు డెవ్ నల్‌లోకి, అంటే ఎవరూ చూడని చెత్తబుట్టలోకి, తోసేస్తోంది. పదకొండు రోజులు గ్రూపు ప్రశాంతంగా ఉంది, మేమూ సంతోషంగా ఉన్నాం.

పింగ్‌కు (మెషిన్ ఉందా అని అడిగే పలకరింపుకు) జవాబు వచ్చినంత మాత్రాన సైటు నడుస్తోందనుకోకండి. అప్లికేషన్ పడిపోయినా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) జవాబిస్తుంది. పేజీని తెచ్చిచూపే కర్ల్ కమాండు సైతం ఎఫ్ ఆప్షన్ లేకపోతే 500 ఎర్రరు పేజీని విజయంగానే లెక్కగట్టి, అంతా బాగుందనే అర్థంలో సున్నా తిప్పి ఇస్తుంది. పేజీలో ఉండి తీరాల్సిన ఒక మాటను వెతికించండి. కర్ల్‌కు గడువు పెట్టండి. ఒక నడక ముగియకముందే మరొకటి మొదలవకుండా తాళం వేసే ఫ్లాక్ కమాండు వాడండి. క్రాన్‌లో ప్రతి కమాండుకూ పూర్తి పాత్ (అది ఉన్న చోటు) రాయండి, మీ టెర్మినల్‌కు తెలిసిన పాత్ క్రాన్‌కు తెలియదు. వరుసగా మూడుసార్లు తప్పాకే అలర్టు పంపండి. ప్రతి తడబాటుకూ పంపితే రెండో రోజుకే అందరూ గ్రూపును మ్యూట్ చేస్తారు. డిస్కులో ఖాళీతో పాటు ఐనోడ్లు (ఇంకా ఎన్ని ఫైళ్లు పడతాయన్న లెక్క) చూడండి. సైటు భద్రతా సర్టిఫికెట్ గడువును మీరే చూసుకోండి: వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో హెచ్చరిక మెయిళ్లు మానేసింది. మరమ్మతు కోసం కామెంటు చేసి ఆపిన క్రాన్ వరుసను మళ్లీ తెరవండి. అలర్టు ఒకే మనిషికి కాక ఇద్దరికి వెళ్లాలి. ఆ ఇద్దరూ ఒకే ఊరికి వెళ్లకూడదు. బయలుదేరే రోజు స్క్రిప్టు ముట్టుకోవద్దు. ఫోను మోగలేదని సర్వర్ బాగుందనుకోవద్దు.

భోగికి రెండు రోజుల ముందు, పని తక్కువున్న వేళ చూసి, సేవను మీ చేత్తో మీరే ఆపి ఫోను మోగే దాకా గడియారం చూడండి. సేవను లేపాక ఈసారి స్క్రిప్టును ఆపండి. అప్పుడూ ఫోను మోగాలి. మోగకపోతే బస్సు టికెట్టు రద్దు చేసుకోండి.