లైపోసోమల్ కీమో: ఇంటివారు చూసుకోవలసినవి

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో కీమోకు చెన్నై వెళ్లివచ్చే రోగి చీటీలో డాక్సోరుబిసిన్ అని కనబడినంత మాత్రాన మందేదో తేలినట్లు కాదు. అది మామూలు రూపంలోనూ దొరుకుతుంది, సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగలలో, అంటే లైపోసోములలో, నింపిన రూపంలోనూ దొరుకుతుంది. ఈ రెండవదానికి అమెరికాలో 1995లో అనుమతి లభించింది. రెండింటి మోతాదులు వేరు కనుక సీసాపై లైపోసోమల్ అని ఉన్నదో లేదో చీటీతో సరిచూసుకోవాలి.

కణితిలో హడావిడిగా పుట్టుకొచ్చే రక్తనాళాల గోడలకు సందులు ఎక్కువగా ఉంటాయి. బుడగలు ఆ సందుల గుండా లోపలికి చేరి మందును నెమ్మదిగా విడుస్తాయి. గుండెలో నాళాల గోడలు బిగువుగా ఉండటం వలన అక్కడ హాని తగ్గుతుందే గాని పూర్తిగా పోదు, కాబట్టి డాక్టరు రాసిన ఎకో పరీక్ష (గుండె పనితీరు చూసే స్కాన్) మానరాదు. ఇలా అతి చిన్న బుడగలలో నింపిన నానో మందు కణితిని తప్ప దేనినీ తాకదనే మాటలు నమ్మదగినవి కావు.

సీసాను మీరే తీసుకువెళ్లవలసివస్తే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. రొయ్యల థర్మాకోల్ పెట్టె పనికివస్తుంది గాని, రొయ్యలను పరచినట్లు సీసాను ఐసు మధ్య పెట్టరాదు, ఎందుకంటే గడ్డకట్టిన మందు వాడకూడదు.

మొదటిసారి ఎక్కించేటప్పుడు ముఖం ఎర్రబడినా, ఆయాసం వచ్చినా, ఛాతీ గాని నడుము గాని పట్టేసినా వెంటనే నర్సుకు చెప్పాలి. తరువాత మూత్రం ఎర్రగా రావడం మందు రంగు వల్లనే.

అసలు జాగ్రత్త అరచేతులకు, అరికాళ్లకు కావాలి. ఒత్తిడి, రాపిడి, వేడి తగిలే చోట ఈ మందు చర్మంలోకి ఊరి, మొదట చిమచిమలు, మంట, తరువాత ఎరుపు, ముదిరితే బొబ్బలు తెస్తుంది. అందుచేత ఎక్కించాక కనీసం వారం రోజులు నాట్లు, కలుపుతీత, నిమ్మకాయల కోత, బట్టల ఉతుకుడు, వేడినీళ్ల స్నానం, బిగుతు చెప్పులు మానుకోవాలి. రోహిణి కార్తె ఎండలో వట్టికాళ్లతో నడవనే కూడదు. మంట మొదలైతే ఓర్చుకుని దాచవద్దు: డాక్టరుకు తెలిస్తే తదుపరి మోతాదును తగ్గిస్తారు లేదా వాయిదా వేస్తారు. నోరు పూసినప్పుడు చేపల పులుసు కారం లేకుండా పెట్టండి.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే బిళ్ల వేసి తెల్లవారేదాకా చూడక, రాత్రయినా దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి, మందు పేరు, ఎక్కించిన తేదీ ఉన్న డిశ్చార్జి కాగితాన్ని ముందుగా చూపించాలి.